పొగగొట్టాల పాదరసం పట్టదా?

బొగ్గు విద్యుత్కేంద్రాల పొగ నుంచి గంధకాన్ని కడిగివేసే యంత్రాల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో జారీచేసిన నోటిఫికేషన్ ఉత్పత్తి సంస్థలకు పెద్ద ఊరట. దేశంలోని థర్మల్ యూనిట్లలో దాదాపు 78 శాతానికి ఆ బాధ్యత తప్పింది. రాజధాని ప్రాంతానికి, పది లక్షలు దాటిన నగరాలకు పది కిలోమీటర్ల లోపున్నవి 2027 ఆఖరుకల్లా యంత్రాలు అమర్చుకోవాలి. తీవ్ర కలుషిత ప్రాంతాల సమీపంలోని వాటి సంగతి ఒక్కొక్కటిగా పరిశీలించి తేలుస్తారు. మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రాల ఖరీదు ఎక్కువ అన్నది సర్కారు వాదన. అందులో అసత్యం లేదు. అయితే పొగలో గంధకం ఒక్కటే ఉండదు.

2015 డిసెంబరులో పర్యావరణ మంత్రిత్వశాఖ ధూళి, గంధక, నత్రజని ఆక్సైడ్లతోపాటు పాదరసానికీ హద్దు గీసింది: ఘనపు మీటరు పొగకు 0.03 మిల్లీగ్రాములు. కొత్త మినహాయింపు ఈ హద్దును చెరిపివేయలేదు. దాన్ని పాటిస్తున్నారా లేదా అన్న విచారణే కొరవడింది.

బొగ్గులో పాదరసం పాలు అత్యల్పమే. పదిలక్షల పాళ్లలో పదోవంతు పాలుందనుకుందాం. మన కేంద్రాలు ఏటా కాల్చేది 70 కోట్ల టన్నులకు పైమాటే. ఆ లెక్కన అందులోని పాదరసం 70 టన్నులు దాటుతుంది. ఆర్సెనిక్‌లో అత్యధిక భాగం, సెలీనియంలో కొంత పొగ చల్లబడేకొద్దీ బూడిద రేణువులను అంటిపెట్టుకుని ధూళి నిరోధక యంత్రాల్లో చిక్కుతాయి. పాదరసం అంత తేలిగ్గా లొంగదు. ఆవిరి రూపంలోని లోహం నీటిలో కరగదు. క్లోరిన్‌తో కలిసినది మాత్రమే కరిగి, గంధకాన్ని కడిగే యంత్రంలో పట్టుబడుతుంది. మన బొగ్గులో క్లోరిన్ స్వల్పం గనుక ఆ యంత్రం ఒక్కటే ఈ సమస్యను తీర్చదన్నదీ ఒప్పుకోవలసిందే. బొగ్గుపై బ్రోమిన్ లవణం చల్లడం, పొగలోకి ఉత్తేజిత కర్బనపు పొడిని చిమ్మడం వంటి ఉపాయాలు వేరే ఉన్నాయి. ఇటువంటి పద్ధతులతోనూ, కొన్ని పాత కేంద్రాలు మూతపడటంతోనూ అమెరికాలో విద్యుత్కేంద్రాల పాదరసం 2010తో పోలిస్తే 2021 నాటికి సుమారు 90 శాతం తగ్గింది. గంధకపు యంత్రం అక్కర్లేదన్నవారు వీటి మాటైనా ఎత్తాలి కదా!

మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ సరిహద్దులోని సింగ్రౌలి ప్రాంతం ఇందుకు ప్రత్యక్ష సాక్ష్యం. 4,760 మెగావాట్ల వింధ్యాచల్ సహా భారీ కేంద్రాలు అక్కడి రిహాండ్ జలాశయం చుట్టూ మూగాయి. 2009లోనే ఆ ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్యపీడిత ప్రాంతాల జాబితాలో చేర్చింది. పొరుగునున్న సోన్‌భద్ర జిల్లావాసుల రక్తంలోనూ, చేపల్లోనూ పాదరసం ఉన్నట్లు విజ్ఞాన పర్యావరణ కేంద్రం 2012లో వెల్లడించింది. నీటిలో పడిన పాదరసాన్ని సూక్ష్మజీవులు మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది చేపల ద్వారా గర్భస్థ శిశువు మెదడు దాకా పాకుతుంది.

పాదరసం వాడకాన్ని, విడుదలను అరికట్టే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. ఆ ప్రకారం ఇప్పటికే నడుస్తున్న కేంద్రాల పాదరసాన్ని కట్టడిచేసే చర్యలు 2028లోగా మొదలుకావాలి. ప్రతి కేంద్రం పొగగొట్టంలోని పాదరసాన్ని నిరంతరం కొలిచి, ఆ అంకెలను సింగ్రౌలి మొదలు మన రామగుండం, కొత్తగూడెం దాకా ప్రజల ముందుంచాలని ప్రభుత్వం శాసించాలి. బొగ్గును శుద్ధిచేసి కాల్చడం వంటి చవకైన మార్గాలున్నచోట వాటినైనా తప్పనిసరి చేయాలి. పొగలోంచి పట్టిన విషం చేరేది బూడిదలోకే గనుక బూడిద చెరువుల గట్ల తనిఖీనీ ఇందులో భాగం చేయాలి. 2020 ఏప్రిల్‌లో అదే సింగ్రౌలిలో సాసన్ కేంద్రం గట్టు తెగి బూడిద పొలాలను ముంచెత్తింది, ప్రాణాలను బలిగొంది.