గర్భసంచి లేని మహిళకు రుతువిరతి ఎప్పుడు?

రాయ్‌పూర్: బట్టల మార్కెట్‌కు పేరుపొందిన పండరీలోనే రాయ్‌పూర్ జిల్లా ఆసుపత్రి ఉంది. అక్కడైనా, మరే ఊళ్లోనైనా నలభై దాటిన మహిళ భుజం పట్టేసిందని ఒక వైద్యుడి వద్దకు, గుండె దడకు మరొకరి వద్దకు, నోటి మంటకో ఒంటి దురదకో ఇంకొకరి వద్దకు వెళ్తుంది. మతిమరుపును వయసు ఖాతాలో వేస్తారు. వీటికి రుతువిరతి ముందు ఈస్ట్రోజెన్ ఒడుదొడుకులు కారణం కావచ్చన్న అనుమానం, ఒంట్లో ఆవిర్లు వస్తే తప్ప, అరుదుగానే కలుగుతుంది.

గర్భసంచి తొలగించిన మహిళల విషయంలో ఆ అనుమానానికీ తావుండదు. బీమా సొమ్ము కోసం ప్రైవేటు ఆసుపత్రులు అనవసరంగా ఈ ఆపరేషన్లు చేశాయన్న ఆరోపణలు 2012లో ఛత్తీస్‌గఢ్‌ను కుదిపేశాయి. వీటిని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలను ఆదేశించింది. తెలుగు రాష్ట్రాలు దూరం నుంచి చూసే వ్యవహారం కాదిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ జరిగినవారు దేశంలో 3 శాతానికి కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం దాటారు.

అండాశయాలూ తీసేస్తే రుతువిరతి ఒక్కసారిగా మీదపడుతుంది. ఉంచినా ముందుగానే రావచ్చు. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోవడమే దానికి గుర్తు. గర్భసంచే లేని మహిళకు ఆ లెక్క లేదు. ముప్పై అయిదేళ్లకే కీళ్ల నొప్పులు, నిద్రలేమి అంటే ‘ఆపరేషన్ నీరసం’ అనేస్తారు. అండాశయాలు ఉంచారో తీశారో డిశ్చార్జి కాగితంలో రాసి ఉందా అన్నది వైద్యులు ముందుగా చూడాలి.