ర్యాంకుల సంతలో మన బిడ్డలు

వేసవి వచ్చినదనిన మన పట్టణములలో రెండు వేడిమి లారంభమగును. ఒకటి సూర్యునిది, రెండవది పరీక్షాఫలితములది. మొదటిదానికి మజ్జిగయు విసనకఱ్ఱయు కలవు. రెండవదానికి విసనకఱ్ఱ పట్టినవారు చల్లార్చుటకు పట్టలేదు. మంట రగుల్చుటకు పట్టినారు. నీట్ ఫలితములు వెలువడిన మరునాడు విజయవాడలోగాని, హైదరాబాదులోగాని, గుంటూరు, వరంగల్లు, తిరుపతి, విశాఖపట్టణములలోగాని ఏ కూడలిలో నిలిచి తలయెత్తినను పసివారి ముఖములే. ముఖము క్రింద అంకె. అంకె క్రింద కళాశాల పేరు. బిడ్డకంటె అంకె పెద్దది. అంకెకంటె కళాశాల పేరు పెద్దది. ఇది విద్యాభివృద్ధియా, సంతలో సరకు ప్రదర్శనమా యని తెలుగు మహాజనులను మేము ప్రశ్నించుచున్నాము. ఆ ఫలకముపై చోటు దొరకని బిడ్డ ఆనాటిరాత్రి ఏ గదిలో తలుపు వేసికొని కూర్చున్నదో విచారించువా డొక్కడైన నున్నాడా?

ముందుగా లెక్క చూతము. 2024వ సంవత్సరమున నీట్ పరీక్ష వ్రాసినవారు 23 లక్షల 33 వేలమంది. ఆ విద్యాసంవత్సరమున దేశమందలి యం.బి.బి.యస్. సీట్లు, ప్రభుత్వ కళాశాలలవియు ప్రయివేటు కళాశాలలవియు కలిపి, సుమారు 1 లక్షా 18 వేలు. అనగా నూర్గురు వ్రాసినచో అయిదుగురికి మాత్రమే చోటు. వ్రాసిన నూర్గురును బృహస్పతులే యైనను, నూర్గురును రాత్రింబవళ్ళు కన్ను మూయక చదివినను, తొంబదియైదుగురికి సీటు రాదు. ఇది శీలమునకు సంబంధించిన దోషము కాదు, తెలివికి సంబంధించిన లోపము కాదు, కేవలము భాగహారము. ఇరువదిమందికి ఒక్క కుర్చీ వేసి, కూర్చుండలేకపోయిన పందొమ్మిదిమందిని చేతగానివారనుట ఏ ధర్మశాస్త్రము? అయినను ప్రతి సంవత్సరము లక్షలాది యిండ్లలో ఈ భాగహారపు ఫలితమే బిడ్డ నుదుటిపై నేరముగా వ్రాయబడుచున్నది.

ఇక ఆ త్రాసు ఎంత నిక్కచ్చిదో చూతము. పరీక్ష మొత్తము 720 మార్కులకు. ఒప్పునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒకటి కోత. రెండు ప్రశ్నలు తారుమారైన పది మార్కులు పోవును. ర్యాంకు వేల మెట్లు దిగును. 2024 జూన్ 4వ తేదీన వెలువడిన ఫలితములలో 720కి 720 వచ్చినవారు 67గురు. కాలము నష్టమైనదని 1,563 మందికి కలిపిన మార్కులను పిమ్మట తీసివేసి, కోరినవారికి మరల పరీక్ష పెట్టిరి. ఒక భౌతికశాస్త్ర ప్రశ్నకు రెండు సమాధానములు సరియని మొదట అంగీకరించిరి. సుప్రీంకోర్టు ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణుల నడుగగా ఒక్కటే సరియని తేలినది. జూలై 26న సవరించిన ఫలితములు ప్రకటించునప్పటికి ఆ 67గురు 17గురైరి! ప్రశ్నపత్రము పాట్నాలోను హజారీబాగులోను బయటికి పొక్కిన మాట నిజమని న్యాయస్థానమే చెప్పినది. అయితే దేశమంతట పరీక్ష చెడినదనుటకు ఆధారము చాలదనియు, మరల పరీక్ష జరుపనక్కరలేదనియు తీర్పునిచ్చినది. ఆ తీర్పును మేము శిరసావహింతుము. కాని రెండు నెలలలో రెండుమారులు దిద్దుబాటు కావలసివచ్చిన త్రాసులో పదునెనిమిదేండ్ల బిడ్డ బ్రతుకును తూచి, తక్కువైనదని విసరివేయు అధికారము ఏ తండ్రికి, ఏ ఉపాధ్యాయునికి, ఏ పొరుగింటివానికి కలదని ప్రశ్నించుచున్నాము.

ఇది దూరదేశపు కథ యనుకొనకుడు. 2016లో తెలంగాణ వైద్యవిద్యార్థుల ఎంసెట్-2 ప్రశ్నపత్రము ముందే బయటపడినందున, కష్టపడి వ్రాసిన బిడ్డలందరును సెప్టెంబరులో మరల పరీక్షకు కూర్చుండవలసివచ్చెను. 2019లో తెలంగాణ ఇంటర్మీడియటు ఫలితములలో తెలుగున 99 మార్కులు వచ్చిన యొక విద్యార్థినికి సున్న పడెను. పెద్దలు చేసిన తప్పులకు పెద్దలు సవరణ పత్రములు వెలువరింతురు; పిల్లలు మాత్రము ప్రాణములతో పరిహారము చెల్లింపవలయునా? జాతీయ నేర నమోదు సంస్థ లెక్కప్రకారము 2022లో దేశమున తమ చేతులార ప్రాణములు తీసికొన్న విద్యార్థులు 13,044 మంది. వీరందరును పరీక్షలవలననే పోయిరని మేమనము. కాని ఒక యుద్ధములో ఇంతమంది యువకులు పోయినచో దేశమంతయు శోకదినము పాటించియుండెడిది. ఇక్కడ మరుసటి యేటి అడ్మిషన్లు ప్రారంభమైనవను ప్రకటన వెలువడును!

మా మాటకు వెంటనే ఒక ఆక్షేపణ వచ్చును. “పరీక్ష లేనిచో ధనమే రాజ్యమేలును గదా? నీట్ లేనిదినములలో ఒక్కొక ప్రయివేటు కళాశాల ఒక్కొక పరీక్ష పెట్టి, విరాళముల పేరుతో సీట్లమ్ముకొనలేదా?” అని. ఈ ఆక్షేపణలో సత్యము కలదు. దానిని దాచుట న్యాయవాదికి తగదు. 2013లో సుప్రీంకోర్టు నీట్‌ను కొట్టివేసినది. 2016లో ఆ తీర్పును తానే ఉపసంహరించుకొనగా పరీక్ష మరల వచ్చినది. దేశమంతటికి ఒకే పరీక్ష యుండుటవలన బిడ్డలకు ఊరూరు తిరుగు ప్రయాస తగ్గినది. కావున పరీక్షను రద్దు చేయుడని మేము కోరుట లేదు. కాని ర్యాంకే ప్రతిభ, ప్రతిభయే ర్యాంకు అను వారికి మా ప్రత్యుత్తరము వినుడు. 2024లో 1 లక్షా 18 వేల సీట్లకు అర్హులని తేల్చినవారు 13 లక్షల 16 వేలమంది. సాధారణ వర్గమునకు అర్హత గీత 720కి 162. ఈ గీత దాటి, ఏడాదికి పదిలక్షలకు మించిన రుసుము కట్టగల యింటి బిడ్డకు యాజమాన్యపు సీటు తలుపు తెరచియుండును. అంతకు ఎన్నోరెట్లు మార్కులు తెచ్చుకొని, ప్రభుత్వ సీటు వెండ్రుకవాసిలో తప్పిన కూలివాని కూతురు ఇల్లు చేరుకొనును. పరీక్ష పేరు చెప్పి వడపోసిన పిదప మిగిలిన వడపోత రూకదే. ఇట్టి ర్యాంకును చూచి “నీకు తెలివి లేదు” అని ఆ కూతురితో పలుకువాని తెలివినిగూర్చియే మాకు సందేహము.

ఈ మంటకు విసరువారెవరు? ఆరవతరగతి బిడ్డకు “ఫౌండేషను” అను పేరుతో వైద్యకళాశాల ఆశ యమ్మువారు. మార్కులనుబట్టి బిడ్డలను గుంపులుగా విడదీసి, వెనుకబడినవారిని వెలివాడగా చేయువారు. ఆదివారమును పరీక్షాదినముగా మార్చినవారు. సీటు రాని బిడ్డను “లాంగ్ టర్మ్” అను పేరుతో మరల కొనుగోలుదారునిగా చేసికొనువారు. వీరి కోటలలోని దుఃస్థితిని విచారించుటకు 2001లో నీరదారెడ్డి సంఘమును, 2017లో చక్రపాణి సంఘమును ప్రభుత్వములు నియమించినవి. 2024 జనవరిలో కేంద్రప్రభుత్వము శిక్షణాకేంద్రములకు నియమములు ప్రకటించినది: పదునారేండ్లు నిండనివారిని చేర్చుకొనరాదు, దినమునకు అయిదుగంటలకు మించి బోధింపరాదు, వారమునకొక సెలవు ఈయవలయును, మధ్యలో మానినవారికి మిగిలిన రుసుము తిరిగి ఈయవలయును. 2024 నవంబరులో మోసపు ప్రకటనలను అరికట్టుటకు వినియోగదారుల రక్షణాధికారసంస్థ వేరుగా సూత్రములు వెలువరించినది. విశాఖపట్టణమున నీట్ శిక్షణకు వచ్చిన యొక విద్యార్థిని మరణమునుగూర్చిన వ్యవహారమున 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికి మార్గదర్శకము లిచ్చినది: నూర్గురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థయు మనస్తత్వమెరిగిన సలహాదారు నొక్కనినైన నియమింపవలయును, మార్కులనుబట్టి గుంపులు చేయరాదు, నలుగురిలో అవమానింపరాదు. సంఘములకు కొదవ లేదు; నియమములకు కొదవ లేదు; అమలునకే కొదవ. రాష్ట్రప్రభుత్వములను మేమడుగునది కొత్త సంఘము కాదు. ఏ కళాశాలలో సలహాదారుడున్నాడు, ఎక్కడ లేడు, ఎవరికి శిక్ష పడినది అను పట్టికను ప్రతి జిల్లాలో బహిరంగముగా ప్రకటింపుడు. కళాశాలయని పేరు పెట్టుకొని శిక్షణాకేంద్రపు పని చేయువారు ఈ పట్టికనుండి తప్పించుకొనరాదు.

తలిదండ్రులారా, మీతో రెండు మాటలు. బిడ్డ వైద్యుడు కావలెనను మీ కోరికను మేము నిందింపము. ఇంటిలో ఒక వైద్యుడుండుట ఊరికి ఉపకారమే. కాని ఫలితములకు ముందే, మనసు నిమ్మళముగా నున్న వేళ, సీటు రానిచో ఏమి చేయుదమను మాట మీ నోటినుండి రావలయును. అది అపశకునము కాదు. గొడుగు పట్టుకొని బయలుదేరినంతమాత్రమున వాన కురియదు. దంతవైద్యము, ఆయుర్వేదము, హోమియోపతి ఈ ర్యాంకుతోనే లభించును. ఫార్మసీకి, వ్యవసాయశాస్త్రమునకు మన రెండు రాష్ట్రములలో వేరుగా ప్రవేశపరీక్ష కలదు. నర్సింగు, రోగనిర్ణయశాలల విద్యలు, సూక్ష్మజీవశాస్త్రము ఇవన్నియు వైద్యాలయపు వాకిళ్ళే. రెండవది: ఫలితములనాడు వచ్చునది మార్కులు మాత్రమే, తీర్పు కాదు. నూటికి పదునైదు ప్రభుత్వ సీట్లు అఖిలభారతపు కోటా. తక్కినవానికి విజయవాడలోని ఎన్.టి.ఆర్. వైద్యవిశ్వవిద్యాలయమును, వరంగల్లులోని కాళోజీ విశ్వవిద్యాలయమును వేరుగా జాబితాలు ప్రకటించును. విడతలు విడతలుగా నెలలతరబడి సీట్లు కదలుచుండును. మొదటివిడతలో రానిది తరువాతివిడతలలో వచ్చిన బిడ్డలెందరో కలరు. కావున ఆ మొదటిరాత్రి ఏ నిర్ణయమును చేయకుడు. బంధువులకు సమాధానము చెప్పవలెనను తొందరయు వలదు. మరియొక యేడు చదివింపవలెనా యను ప్రశ్న వచ్చినచో మూడు సంగతులు చూడుడు: పోయినయేటి చివరి సీటునకు ఎన్ని మార్కులు తక్కువైనవి? అప్పు లేకుండ రుసుము కట్టగలరా? అన్నిటికంటె ముఖ్యముగా, ఆ కోరిక బిడ్డదా, మీదా?

విద్యార్థులారా, మీకు మేము ధర్మపన్నములు చెప్పబోము. ఒక తెలుగువాని చరిత్రము చెప్పుదుము. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను పరీక్షను మూడవమారు గాని దాటలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు శస్త్రచికిత్సాచార్యుని యాగ్రహమునకు గురియై, యం.బి.బి.యస్. గాక దానికంటె తక్కువదైన యల్.యం.యస్. పట్టముతో బయటికి వచ్చెను. ఆ సుబ్బారావే అమెరికాలో, ప్రాణికణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని ఫిస్కీతో గూడి లోకమునకు చూపెను. లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్, బోదవ్యాధికి హెట్రజాన్, కాన్సరునకు మెతోట్రెక్సేట్ వెలువడినవి. పరీక్ష తప్పినవారందరును సుబ్బారావులగుదురని మేము చెప్పము. ఆనాడు ఆయన మార్కులు చూచి, ఈతడేమగునో చెప్పగలిగినవాడు ఒక్కడును లేకపోయెనని మాత్రము చెప్పుచున్నాము. మీ మార్కులు చూచి మీరేమగుదురో చెప్పగలవాడు ఈనాడును లేడు. మనసు మరీ బరువైనచో, ఏ వేళనైనను, 14416 అను సంఖ్యకు ఫోను చేయుడు. టెలిమానస్ అను ఆ ప్రభుత్వసహాయము రేయింబవళ్ళు ఉచితముగా, తెలుగులోనే, లభించును. జ్వరము వచ్చిన వైద్యుని పిలుచుట సిగ్గు కానియట్లే ఇదియు సిగ్గు కాదు.

కడపట పట్టణప్రజలకు, పఠనమందిరముల పాఠకులకు మా మనవి. ఉపన్యాసములతో ఈ పని తీరదు. ఫలితములు వచ్చు దినమున మీ గ్రంథాలయపు అరుగుమీద ఒక బల్ల వేయుడు. ఒక వైద్యుడు, ఒక ఉపాధ్యాయుడు, ఒక న్యాయవాది సాయంత్రము రెండుగంటలసేపు కూర్చుండుడు. కౌన్సెలింగునకు కావలసిన ధ్రువపత్రము లేవి, స్థానికతా నియమ మేది, కట్టిన రుసుము తిరిగి రాబట్టుట యెట్లు, తక్కిన చదువులేవి యను సంగతులు వచ్చిన ప్రతి కుటుంబమునకు విప్పి చెప్పుడు. ర్యాంకు అడుగక, అన్నము తిన్నావా యని బిడ్డ నడుగుడు. బిడ్డల ముఖములతో వ్యాపారము చేయు ఫలకములను మీ గోడలపై, మీ మేడలపై నిలుపుటకు అద్దెకీయకుడు. ఈ పనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు, చందాలు అక్కరలేదు.

సంవత్సరమున కొక్కసారి వచ్చు పరీక్ష సంవత్సరమున కొక్కసారి మరల వచ్చును. పోయిన బిడ్డ మరల రాడు. ఈ రెంటిలో దేనిని కాపాడుకొనవలెనో నిర్ణయించుటకు మన సంఘమునకు ఏ ప్రవేశపరీక్షయు అక్కరలేదు. అయినను మనము ఏటేటను తప్పుచున్న పరీక్ష ఇదియే. ఈ యేడైనను ఉత్తీర్ణులమగుదుము గాక!