బొటనవేలు భగ్గుమంటే

రాత్రి పడుకొనేటప్పుడు బాగానే ఉన్న మనిషికి తెల్లవారుజామున కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ఓర్వలేని నొప్పి పుడితే అది బెణుకు కాకపోవచ్చు. గౌట్ అనే కీళ్ళజబ్బు తరచు ఇలాగే మొదలవుతుంది. రక్తంలో ఎక్కువైన యూరిక్ యాసిడ్ సూదుల్లాంటి స్ఫటికాలుగా కీలులో చేరుతుంది. తెల్లకణాలు వాటి మీద విరుచుకుపడటం వల్లనే ఆ వాపు, ఆ మంట. పెళ్ళి విందులో మాంసం, పైన బీరో కల్లో పడిన మర్నాడు ఇది రావడం మామూలే. ఎండలో నీళ్ళు తాగక పనిచేసినా రావచ్చు.

మా ఆర్మూరు పసుపు ఊరు. కనుక చాలామంది పసుపూ సున్నమూ పట్టు వేసుకొనే ఆస్పత్రికి వస్తారు. దానితో ఈ వాపు చల్లారదు. సున్నం వల్ల చర్మం పొక్కుతుంది కూడా. గుడ్డలో చుట్టిన ఐసు ముక్క నయం.

అసలు మందు వాపును తగ్గించేది కావాలి. నాప్రోక్సెన్, ఇండోమెథసిన్ వంటి బిళ్ళలు మొదటి రోజునే, డాక్టరు చెప్పిన పూర్తి మోతాదులో, అన్నం తిన్నాక వేసుకోవాలి. మూడోరోజు దాకా ఓర్చుకొని అప్పుడు అరబిళ్ళ మింగితే లాభం తక్కువ. నొప్పి పోయిన ఒకటి రెండు రోజులకు మానేయాలి.

అయితే ఈ బిళ్ళలు అందరికీ పడవు. గౌట్ వచ్చేవారిలో చాలామందికి రక్తపోటో, షుగరో కూడా ఉంటుంది. వారి మూత్రపిండాలు అప్పటికే నీరసించి ఉండవచ్చు. ఈ మందులు అక్కడికి రక్తప్రసారాన్ని ఇంకా తగ్గిస్తాయి. రక్తపోటుకు నీరు తీసే బిళ్ళ వాడుతున్నవారికి మరీ ప్రమాదం. కడుపులో పుండు, గుండె బలహీనత ఉన్నవారూ, రక్తం పలచబడే మందు వాడేవారూ పక్కింటాయన చీటీ చూపి మందుల షాపులో కొనుక్కోకూడదు. ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

అలాంటివారికి కొద్దిరోజుల ప్రెడ్నిసొలోన్ ఇస్తాం. షుగరు పెరగకుండా కనిపెట్టి ఉండాలి. లేదా కోల్చిసిన్. పూర్వం దీన్ని విరేచనాలు పట్టుకొనే దాకా గంటగంటకూ వేసేవారు. తక్కువ మోతాదే చాలునని 2010లో పరిశోధన తేల్చింది. మూత్రపిండాల జబ్బుంటే అదీ తగ్గించే వాడాలి. ఈ మందు అడవినాభి దుంపలోనూ ఉందని ఎవరైనా చెబితే ఆ జోలికి పోకండి. ఆ దుంప తిని చనిపోయినవారున్నారు.

యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ అప్పటికప్పుడు నొప్పిని తీయదు. ముందునుంచీ వాడుతున్నవారు మాత్రం నొప్పి వచ్చిందని ఆపకూడదు. నొప్పి సమయంలో రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు; రెండు వారాలాగి మళ్ళీ చూడాలి.

వాపుతోపాటు చలిజ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టి ఉండవచ్చు. ఇంట్లో బిళ్ళలు మింగుతూ కూర్చోక, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.