లేడికి కోపం వచ్చే మాసం

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి లేడి అంటే బెదురు చూపులే జ్ఞాపకం వస్తాయి. నాయిక కళ్ళకు పోలిక కావలసివచ్చినప్పుడల్లా మన కవులు దాని దగ్గరికే పరుగెత్తారు. శకుంతల కొంగు పట్టి లాగింది లేడిపిల్ల. సీతమ్మ ముచ్చటపడ్డదీ లేడి మీదనే. "లేడికి లేచిందే పరుగు" అని సామెత కూడా ఉంది గదా! ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఇవే చెబుతూ వచ్చాను గాని, ఆ లేడిగారి మొగుడు లేచి నామీదికే పరుగెత్తుకొస్తాడని ఎన్నడూ అనుకోలేదు సుమండీ.

కిందటి దసరా సెలవుల్లో లండను శివారున కింగ్‌స్టన్‌లో ఉన్న మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. బావగారికి రాజా అని ఒక లాబ్రడార్ కుక్క ఉంది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. మూడోనాడు పొద్దున్నే గొలుసు నా చేతికిచ్చి, "కాస్త పార్కులో తిప్పుకు రావోయ్. అమ్మాయిని తోడు తీసుకెళ్ళు" అన్నారు.

రిచ్‌మండ్ పార్కు అంటే మన మునిసిపాలిటీ పార్కులాటిది కాదు. 1637లో మొదటి చార్లెస్ రాజు వేటకోసమని గోడ కట్టించి జింకలను ఉంచిన చోటు. దగ్గర దగ్గర 2,500 ఎకరాలు. రాజులూ వేటలూ పోయినా జింకలు మాత్రం ఉన్నాయి. 600కు పైచిలుకు. ఎర్రదుప్పులు ఒక జాతి, ఫాలో అనే చిన్నజాతి ఇంకొకటి. కంచె లేదు, బోను లేదు. మనుషుల మధ్యనే మేస్తుంటాయి.

గేటు దగ్గర ఒక నోటీసు బోర్డు ఉంది. నేను చదవలేదు. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాస్తారని విద్యార్థులను ఏటా కోప్పడేవాణ్ణి నేనే!

పొగమంచులోంచి ఏదో అరుపు వినిపించింది. ఎద్దు రంకె అనుకున్నాను. "దుప్పి మామయ్యా, మగది. ఇది వాటి జత కట్టే కాలం" అంది మేనకోడలు. సెప్టెంబరు చివరినుంచి నవంబరు దాకా, అంటే మన ఆశ్వయుజ కార్తికాల్లో, మగదుప్పులకు ఒంటిమీద తెలివి ఉండదట. తిండి సరిగా తినవు. ఆడవాటిని ఒకచోటికి తోలుకుని, రాత్రీ పగలూ కాపలా కాస్తాయి. ఇంకో మగది వస్తే ముందు అరుచుకుంటాయి, తరవాత పక్కపక్కన నడిచి ఒకదాని బలం ఒకటి అంచనా వేసుకుంటాయి. అప్పటికీ తేలకపోతే కొమ్ములు కలుపుతాయి. ఆ కొమ్ములు మన కృష్ణజింకవాటిలా జీవితాంతం ఉండేవి కావు. వసంతంలో ఊడిపోయి, వేసవిలో మళ్ళీ కొత్తవి మొలిచి, సరిగ్గా ఈ యుద్ధం వేళకు గట్టిపడి సిద్ధమవుతాయి.

అంతలో అదే కనిపించింది. కొమ్ములకు ఎండిన ఆకులూ అలములూ తగిలించుకుని, బాసికం కట్టిన పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. ఫోటో తీద్దామని నాలుగడుగులు ముందుకు వేశాను. పక్కన గడ్డిలో ఆడదుప్పులు పడుకుని ఉన్న సంగతి చూసుకోలేదు. రాజా ఒక్కసారి మొరిగింది.

దుప్పి తల వంచింది. నేను గొలుసు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను. బావగారి కుక్క గదా, పోతే ఏం చెప్పను? "వదిలెయ్ మామయ్యా! గొలుసు వదిలెయ్!" అని పిల్ల అరుస్తోంది. నాకు ఆ మాట తలకెక్కలేదు. చివరికి తనే వచ్చి నా చెయ్యి విడిపించింది. రాజా బాణంలా పారిపోయింది. దుప్పి కొంతదూరం తరిమి, ఆడవాటిని వదిలి రాలేక వెనక్కి తిరిగింది. మేమిద్దరం ఓక్ చెట్టు చాటున ఎంతసేపు నిలబడ్డామో! గంట తరవాత గేటు దగ్గర రాజా దొరికింది. నన్ను చూసి తోక ఊపలేదు.

దుప్పికి కోపం నామీద కాదు, కుక్కమీద. మనకు రాజా పెంపుడు బిడ్డ. దుప్పి కంటికి తోడేలు వంశం. కుక్కను పట్టుకుని ఉన్నంతసేపూ నేనూ ఆ శత్రువులో భాగమే. వదిలేస్తే కుక్క నాకంటె వేగంగా తప్పించుకోగలదు. పిల్ల అరచింది అందుకే.

అయితే అది ఆఖరి ఉపాయం మాత్రమే. మొదటినుంచీ కుక్క గొలుసుమీదనే ఉండాలి. దుప్పులకు కనీసం 50 మీటర్ల దూరం పాటించాలి. రెండు మగవాటి మధ్యకు గాని, మగదానికీ దాని మందకూ మధ్యకు గాని పోకూడదు. తెల్లవారుజామునా మునిమాపునా వాటి ఆవేశం ఎక్కువ. మేత పెట్టబోవడం, ఫోటోలకు దగ్గరికి పోవడం కూడదు. మే నుంచి జూలై దాకా పిల్లలు పుట్టే రోజుల్లో తల్లులతోనూ ఇంతే.

నష్టం మనకొక్కరికే కాదు. 2011లో ఈ పార్కులోనే ఫెంటన్ అనే కుక్క ఒక మందను రోడ్డు మీదుగా తరిమింది. యజమాని పేరు పెట్టి కేకలు వేస్తూ వెనక పరుగెత్తిన ఆ వీడియో చూసి లోకమంతా నవ్వింది. నేనూ నవ్వాను. పార్కు రోడ్లమీద కార్లు తిరుగుతాయి. బెదిరిన జింక కారుకింద పడితే నవ్వేందుకు ఏముంది?

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. అక్కయ్య నన్నేమీ అనలేదు, కూతురి చేతులూ కాళ్ళూ తడిమి చూసుకుంది. బావగారు తలవంచుకుని, "తప్పు నాదేనోయ్. ఈ రెండు నెలలూ మేం థేమ్స్ గట్టుకే తీసుకెళతాం. నీకు చెప్పడం మరిచాను" అన్నారు.

మర్నాడు రాజాను నది ఒడ్డుకే తీసుకెళ్ళాను. అక్కడా ఒక బోర్డు ఉంది. ఆగి, మొదటినుంచి చివరిదాకా చదివాను.