దుష్టరాజ్యపు నవలలు: ప్రశంస కర్హత యెంత?

ఇంగ్లీషు భాషయందు యువజనులకై వ్రాయబడుచున్న నవలలలో నొక తెగకు గడచిన పదునైదు, ఇరువది వత్సరములలో అపారమైన ప్రఖ్యాతి కలిగినది. భావికాలమున నొక క్రూరరాజ్యము నూహించి, పసితనము తీరీతీరని బాలబాలికలు దాని నెదిరించి నిలుచుట వర్ణించుట వీని సామాన్యలక్షణము. ఆంగ్లవిమర్శకులు వీనికి డిస్టోపియా కథలని పేరిడిరి. మనము దుష్టరాజ్యపు నవలలని చెప్పుకొనవచ్చును. మన పట్టణములలో ఇంగ్లీషు చదువుకొను పిల్లలును, అమెరికాయందు స్థిరపడిన తెలుగు కుటుంబముల బిడ్డలును వీనిని చదువుచునే యున్నారు. కావున ఇవి తమకు లభించుచున్న ప్రశంసకు తగునా యను ప్రశ్న పరదేశీయుల గొడవ యని త్రోసివేయదగినది కాదు.

కొందఱు పెద్దలు వీనిని పిల్లల యాటవస్తువులుగా నెంచి పెదవి విఱచుచున్నారు. పిల్లలు పిల్లలను చంపు కథలు చదివింపదగునా యని మఱికొందఱు కోపించుచున్నారు. వీరి కెదురుగా, ఇవి యువకులలో స్వాతంత్ర్యచింతను మేల్కొల్పు గ్రంథములని తెగనంతటిని కొనియాడువారును కలరు. మా యభిప్రాయమున ఈ తీర్పు లన్నియు తొందరపాటు తీర్పులే. పీడకుని క్రూరునిగా చిత్రించుట కష్టము కాదు. ఏ నాటకమునందైనను ప్రతినాయకునిచేత మీసము మెలివేయించి కన్నులెఱ్ఱ చేయింపవచ్చును. పీడన ఎట్లు నిలుచుచున్నది, దాని కన్న మెవరు పెట్టుచున్నారు, వేలమంది కొలదిమందికి ఏల లోబడుచున్నారు అను విషయము చూపుట కష్టము. దానిని చూపిన పుస్తకము ప్రశంసార్హము. చూపనిది, ఎన్ని ప్రతు లమ్ముడుపోయినను, కాలక్షేపము మాత్రమే.

ఈ తెగకు తలమానికమై యున్నది సుజాన్ కాలిన్స్ అను అమెరికా రచయిత్రి 2008లో ప్రకటించిన 'హంగర్ గేమ్స్'. ఉత్తర అమెరికా శిథిలములపై వెలసిన పానెమ్ అను దేశము. దానికి కాపిటల్ అను రాజధాని. రాజధానికి లోబడిన పండ్రెండు మండలములు. ఒక మండలము బొగ్గు త్రవ్వును, ఒకటి పైరు పండించును, ఒకటి బట్ట నేయును. అనుభవించునది మాత్రము రాజధాని. పూర్వ మొకప్పుడు తిరుగబడినందులకు శిక్షగా ఏటేట మండలమునకొక బాలుని, ఒక బాలికను చీట్లు తీసి పట్టుకొనిపోయి, ఇరువదినలుగురిని ఒక రంగమున విడిచి, ఒక్కరు మిగులువఱకు పోరాడింతురు. దేశమంతయు దానిని టెలివిజనులో చూచితీరవలెను. అన్నము, వినోదము ఇచ్చి ప్రజల నోరు మూయు పద్ధతిని గూర్చి రోమక కవి జువెనాల్ వాడిన మాటనుండియే ఆ దేశమునకు పేరు వచ్చినది.

ఈ కథలో పోరాటములకన్న మమ్ము ఎక్కువగ ఆకర్షించినది ఆ చీట్ల పద్ధతి. పండ్రెండవ యేట ఒక చీటి, పదుమూడవ యేట రెండు, ఇట్లు పెరిగి పదునెనిమిదవ యేట ఏడు చీట్లు ప్రతి బిడ్డ పేరను పడును. ఇంతవఱకు అందఱు సమానులే. అయితే ఇంట తిండి లేని బిడ్డ తన పేరు మఱియొకమాఱు వ్రాయించుకొన్నచో ఒక మనిషికి ఏడాదికి సరిపడు కొద్దిపాటి ధాన్యమును, నూనెయు ఇత్తురు. ఇంటిలో నెందఱుందురో అన్నిమాఱులు వ్రాయించుకొనవచ్చును. ఆ చీట్లు ఏటేట కూడుచు పోవును. కథానాయిక కాట్నిస్ తండ్రి గనిలో ప్రేలుడుకు బలియయ్యెను. తల్లిని, చెల్లెలిని పోషింపవలసిన ఆమె పదునారవ యేటికి ఇరువది చీట్లకు లోనైనది. ఆమె స్నేహితుడగు గేల్ పేరను నలువదిరెండు చీట్లున్నవి. మేయరు కుమార్తె పేరను ఐదింటికి మించవు. చట్టము అందఱికి నొక్కటే. మృత్యువు మాత్రము ఆకలిగొన్నవాని గుమ్మమే ముందుగ తట్టును. పంట పోయిననాడు నాగు ధాన్యము తెచ్చుకొని, మఱుసటి పంటనాటికి అప్పు పెరుగగా భూమినే వదలుకొన్న రైతును చూచినవారికి ఈ కల్పన క్రొత్తగా తోపదు. పైగా చీట్లు ఎక్కువ గలవారు తక్కువ గలవారిని ద్వేషింతురు. ఆ ద్వేషము రాజధానికే మేలు చేయునని గేల్ గ్రహించును. విభజించి పాలించు నీతి నింత తేటగా పదునాలుగేండ్ల బాలునికి బోధపఱచిన పుస్తకములు అరుదు.

ఏకచక్రపురమున బకాసురునకు బండెడన్నముతో నొక మనిషిని పంపు కథ మన మహాభారతమున కలదు. అచట వంతు ఇంటింటికి వచ్చును. భీమసేనుడు వచ్చి రాక్షసుని చంపగానే ఊరి పీడ విఱుగడ యగును. కాలిన్స్ కథలో వంతు పేదయింటికే తఱచుగా వచ్చును. ఒక్క రాక్షసుడు చచ్చినంతమాత్రమున పీడ పోదు. ఈ రెండవ సంగతియే 2010లో వెలువడిన మూడవ భాగమునకు ప్రాణము. తిరుగుబాటుకు నాయకురాలైన కాయిన్, జయము చేజిక్కిన వెంటనే రాజధాని పిల్లలతో మఱియొకమాఱు ఆ క్రీడలే నడిపింపవలెనని ప్రతిపాదించును. ఓడిన అధ్యక్షుడు స్నోను వధించుటకై విల్లు చేతికిచ్చి నిలిపిన కాట్నిస్ బాణమును కాయిన్ మీదికి విడుచును. విజయోత్సవముతో ముగింపవలసిన కథను, రాజు మాఱుటవేఱు, రాజ్యపద్ధతి మాఱుటవేఱు అను కఠినసత్యముతో ముగించుటకు ధైర్యము కావలెను. అనేకులు ఈ మూడవ భాగమును నీరసమని నిందించిరి. మేము దానిని మూటిలో ఉత్తమముగ నెంచుచున్నాము. 2025లో ప్రకటించిన 'సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్' నవలకు సయితము, పెక్కుమంది కొలదిమందికి ఏల లోబడుదురు అని తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ వేసిన ప్రశ్నయే ప్రేరణమని రచయిత్రి చెప్పియున్నది.

దోషములు లేవని మే మనము. ఎనిమిదివేల జనాభా గల మండలము దేశమున కంతటికి బొగ్గు త్రవ్వు ననుట లెక్కకు నిలువదు. రాజధాని జనులలో పెక్కుమంది రంగుజుట్టులు, వింత వేషములే కాని మనుష్యులుగ కనబడరు. ఇద్దఱు యువకుల నడుమ కథానాయిక ఊగిసలాట కొన్నిచోట్ల విసుగు పుట్టించును. అయినను మూలము గట్టిది.

ఈ గట్టిదన మా వెనుక వచ్చిన గుంపున కానరాదు. వెరోనికా రాత్ 2011లో ప్రకటించిన 'డైవర్జెంట్' నవలలో షికాగో జనులు గుణమునుబట్టి ఐదు వర్గములుగ విడిపోయియుందురు. కథానాయిక ఏ ఒక్క వర్గమునకును ఒదుగని విశేషవ్యక్తి. అందువలననే ఆమెకు ప్రమాదము. ఇచట పీడింపబడుటకు కారణము ఆకలి కాదు, భూమి కాదు, కూలి కాదు; అందఱికన్న తా నధికురాలగుటయే. ఇట్టి కథ చదువరి చెవిలో నీవు సామాన్యుడవు కావు అని ముఖస్తుతి చేయునే కాని, సామాన్యుల కష్టమునకు మూల మేమో చెప్పదు. జేమ్స్ డాష్నర్ 2009లో వ్రాసిన 'మేజ్ రన్నర్' పొడుపుకథవలె ఉత్కంఠ రేపును. ముడి విప్పిన పిమ్మట చేతిలో మిగులునది స్వల్పము. ఈ వేలంవెఱ్ఱికి చాల ముందు, 1993లో, లోయిస్ లోరీ వ్రాసిన 'గివర్' చిన్న పుస్తకమే. బాధ లేని సమాజము కావలెనని రంగులను, స్మృతులను సయితము వదలుకొన్న జనులను చూపి, ఆ సుఖమునకు చెల్లించిన మూల్య మెంతయో అది అడుగును. ఈ పెద్ద సంపుటములు పలుకని మాట ఆ చిన్న పుస్తకము పలికినది.

ఇక వ్యాపారుల సంగతి. పరుల బాధను వినోదముగ చూచు ప్రేక్షకులను నిందించు కథ హంగర్ గేమ్స్. దానినే వినోదముగ మార్చి, మూడవ భాగమును రెండు చిత్రములుగ చీల్చి 2014, 2015 సంవత్సరములలో విడుదల చేసిరి. 2013లో రెండవ చిత్రము వచ్చినపుడు కవర్‌గర్ల్ అను అలంకరణసామగ్రి సంస్థ కాపిటల్ పేరిటనే ముఖమునకు పూయు రంగులను అంగళ్లకు పంపెను. పీడకుల వేషమును పీడితుల కథ చదివిన బాలికలకే అమ్మిరన్నమాట. ఇది రచయిత్రి తప్పు కాదు. కాని తిరుగుబాటును సయితము సరకుగ చేసి యమ్మగల శక్తి యొకటి లోకమున కలదని ఈ పాఠకులు పుస్తకములో కన్న బయటనే స్పష్టముగ నేర్చుకొనవచ్చును.

వ్యాపారమునకు లొంగని ఫలితము మఱియొకటి కలదు. కథలో బొగ్గు మండలపు జనులు ప్రియమైనవారిని సాగనంపునపుడు మూడు వ్రేళ్లు పెదవుల కానించి పైకెత్తుదురు. 2014 మే నెలలో సయాము, అనగా నేటి థాయిలాండు, సైన్యము చేజిక్కినపుడు ప్రజలు ఆ సంజ్ఞనే నిరసనగ నెత్తిరి. ఆ నవంబరులో ప్రధాని ప్రయుత్ యెదుట మూడు వ్రేళ్లెత్తిన విద్యార్థులను నిర్బంధించిరి. బ్యాంకాక్ నగరమున కొన్ని సినిమాశాలలు ఆ చిత్రప్రదర్శన మానుకొనెను. 2021 ఫిబ్రవరి 1న బర్మాలో సైన్యము అధికారము లాగుకొనగా అచటి వీథులును ఆ సంజ్ఞతో నిండినవి. అదే నెల 26న ఐక్యరాజ్యసమితి సభలో బర్మా ప్రతినిధి చ్యో మో టున్ మూడు వ్రేళ్లెత్తి సైనికప్రభుత్వమును ధిక్కరించెను. తొలుత బర్మాలో తెల్లదొరల పోలీసు ఉద్యోగిగ సామ్రాజ్యపు లోగుట్టు చూచి, 1949లో '1984' అను మహానవల ప్రకటించిన జార్జి ఆర్వెల్ మన బీహారులోని మోతీహారిలో పుట్టినవాడే. ఆ దేశపు యువకులకే ఈనాడొక పిల్లల నవల సంజ్ఞాభాష నిచ్చినది.

పాలకులు భయపడినంత మాత్రమున గ్రంథము గొప్పది కాదు. అయినను ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'ని ఆనాటి ప్రభుత్వము నిషేధించుట యెఱిగిన ఆంధ్రులు, పాలకుల భయమునకు అర్థము లేకపోలేదని గ్రహింతురు. ఆ సంజ్ఞకు బలము చలనచిత్రపు హంగులవలన రాలేదు. అన్నము పండించువాడే ఆకలితో చచ్చు దేశమున, మృతులకు చేయు వందనమే తిరుగుబాటుగ మాఱునను నిజము మూలకథలో నుండుటవలన వచ్చినది.

కావున మా తీర్పు ఇది. ఈ తెగకంతకు కలిపి వేయుచున్న పూలదండ అనర్హము. హంగర్ గేమ్స్ మూడు భాగములకు ప్రశంస తగును. అందును కొనియాడవలసినది కథానాయిక గుఱి కాదు, ఆ చీట్ల లెక్క. తలిదండ్రులు ఈ పుస్తకములను పిల్లల చేతినుండి లాగుకొనవలదు. చదివి ముగించిన పిల్లలను పిలిచి, ఈ రాజ్యమున పండించినదెవరు, తిన్నదెవరు, రాజు పడిన పిమ్మట సింహాసన మెవరిదైనది అని అడుగవలెను. పుస్తకమున జవాబు దొరకినచో పిల్లలు చెప్పుదురు. దొరకనిచో, అంతటి కీర్తి గన్న పుస్తకము తమకేమియు చెప్పలేదని వారే తెలిసికొందురు.