పాఠంలో లేని కులం

మానసిక వైద్య విద్యకు ప్రభుత్వం డబ్బు ఇవ్వడం లేదని అనలేం. ఆ డబ్బు పాఠం దాకా చేరుతోందా అన్నదే ప్రశ్న. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద దేశంలో 25 సెంటర్స్‌ ఆఫ్‌ ఎక్సలెన్స్‌ మంజూరయ్యాయి. 19 ప్రభుత్వ వైద్య సంస్థల్లో 47 పీజీ విభాగాలకు సాయం అందింది. హైదరాబాద్‌ ఎర్రగడ్డ ఆసుపత్రి కూడా ఆ సెంటర్లలో ఒకటి. భవనాలు, పరికరాలు, అధ్యాపకులు, సీట్లు అన్నీ అవసరమే. నిమ్హాన్స్‌ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వే, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. అలాంటి దేశంలో వైద్యుల సంఖ్య పెరగాల్సిందే. అయితే సంఖ్య పెరిగినంత మాత్రాన చూపు మారదు.

రోజూ పడే మాటల దెబ్బలకు నిద్ర దూరమైన దళిత విద్యార్థి ఓపీకి వస్తాడు. నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎలా ఉంది, ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా అని వైద్యుడు అడుగుతాడు. నిన్నెవరైనా కించపరుస్తున్నారా అని అడగడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. నోట రాని అవమానం కేస్‌షీట్‌లో సర్దుకుపోలేని స్వభావంగా మారిపోతుంది. ఎంబీబీఎస్‌లో మానసిక వైద్యానికి విడిగా పరీక్ష లేదు. అది జనరల్‌ మెడిసిన్‌లో ఒక భాగం. హౌస్‌ సర్జన్సీలో దానికి దక్కేది రెండు వారాలు. ఆ ఇరుకులో కులానికి చోటెక్కడ?

నరాల వైద్యంలోనూ ఇదే తీరు. మ్యాన్‌హోల్‌లో పేరుకునే హైడ్రోజన్‌ సల్ఫైడ్‌ మెదడును ఎలా దెబ్బతీస్తుందో విద్యార్థి చదువుకుంటాడు. 2013 చట్టం నిషేధించాక కూడా ఆ మ్యాన్‌హోల్‌లోకి ఏ కులాల బిడ్డలను దించుతున్నారో చదవడు.

వైద్యుడికి కులం ఉండదని కొందరు అంటారు. కళాశాలల చరిత్ర వేరే సంగతి చెబుతోంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు ఎదుర్కొన్న వివక్షను థోరట్‌ కమిటీ 2007లోనే నమోదు చేసింది. 2019 మేలో ముంబైలో పీజీ చదువుతున్న ఆదివాసీ వైద్యురాలు పాయల్‌ తడ్వి ప్రాణాలు తీసుకున్నారు. సీనియర్ల కులవేధింపులే కారణమని కుటుంబం ఆరోపించింది. తోటి వైద్యురాలి గాయాన్నే గుర్తించలేని చదువు, రోగి గాయాన్ని ఎలా గుర్తిస్తుంది?

అమెరికాలో ఈ రెండు విభాగాల నిపుణులను ధ్రువీకరించే అమెరికన్‌ బోర్డ్‌ ఆఫ్‌ సైకియాట్రీ అండ్‌ న్యూరాలజీ, బోధనలో కొత్త ప్రయోగాలు చేసే అధ్యాపకులకు విడిగా గ్రాంట్లు ఇస్తుంది. అవి భవనానికి కాదు, పాఠానికి. మనకూ అలాంటి నిధి కావాలి; అయితే మన గాయాన్ని బట్టి దాన్ని రూపొందించుకోవాలి. జిల్లా ప్రభుత్వ వైద్య కళాశాలలకు తొలి వాటా దక్కాలి. ఎంపిక సంఘాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ అధ్యాపకులు ఉండాలి. వివక్ష గురించి రోగిని గౌరవంగా, గోప్యంగా ఎలా అడగాలో నేర్పే పాఠాలు వాడల, గూడేల అనుభవం నుంచి తయారు కావాలి. ఉట్నూరు, భద్రాచలం, పాడేరు వంటి చోట్ల గోండి, కోయ, కువి మాట్లాడే రోగితో దుబాసీ సాయంతో సంభాషించడం శిక్షణలో భాగం కావాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. అవమానాన్ని జబ్బుగా మార్చి మాత్రలు రాయడం ఈ చదువు లక్ష్యం కాకూడదు. బాధకు చికిత్స చేయాలి. అన్యాయాన్ని అన్యాయంగానే నమోదు చేయాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులవివక్ష లేని వైద్యాన్ని హక్కుగా గుర్తించింది. అమల్లోకి వచ్చిన పదేళ్లలో, అంటే 2028 మే నాటికి, మానసిక వైద్య సిబ్బందిని అంతర్జాతీయ ప్రమాణాల స్థాయికి చేర్చేందుకు ప్రభుత్వాలు కృషి చేయాలని నిర్దేశించింది. విశాఖపట్నంలో ఒక నీట్‌ విద్యార్థిని మరణంపై 2025 జులైలో తీర్పు ఇస్తూ, అణగారిన వర్గాల విద్యార్థులతో వివక్ష లేకుండా మెలిగేలా విద్యాసంస్థల సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. చట్టం ఉంది, తీర్పు ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ వచ్చే బడ్జెట్‌లోనే ఈ పాఠానికి ఒక పద్దు తెరవాలి.