హోటలు తిండి తిని మంచం పడితే లెక్క రాసేదెవరు?

నస్పూర్: బడిలో పిల్లలకు అన్నం వికటిస్తే ఆ వార్త సాయంత్రానికల్లా జిల్లా అంతటా పాకుతుంది. 2024లో వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో జరిగిన ఉదంతం రాష్ట్రమంతటా మారుమోగింది. హోటలులో తిన్న పెద్దలకు అదే జరిగితే పక్కింటివారికి కూడా తెలియదు. హోటలు వంట శుభ్రంగా ఉండడం ఇందుకు కారణం కాదు. బడిపిల్లలు ఒకేచోట తిని ఒకేచోట పడిపోతారు. పంతులు హాజరు పిలుస్తాడు, తల్లిదండ్రులు గేటు ముందు చేరుతారు. హోటలులో తిన్నవారు ఎవరి దారిన వారు పోతారు. వారిని లెక్కించే నాథుడు లేడు.

నస్పూర్, శ్రీరాంపూర్‌లలో ఈ పరిస్థితి మరీ ఎక్కువ. ఇక్కడ బాయి పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. షిఫ్టు దిగిన కార్మికులు, కలెక్టరేటుకు పనిమీద వచ్చిన పల్లె జనం, లారీ డ్రైవర్లు ఒకే హోటలులో తింటారు. ఒక రాత్రి అక్కడి బిర్యానీ పాడయి 30 మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయనుకుందాం. సింగరేణి కార్మికుడు కంపెనీ దవాఖానకు పోతాడు. కాంట్రాక్టు కార్మికుడు మస్టరు పోతుందని గోలీ మింగి డ్యూటీకి పోతాడు. పల్లెవాసి ఊళ్లో ఆర్‌.ఎం.పి. వద్ద సెలైన్ ఎక్కించుకుంటాడు. లారీ డ్రైవరు అప్పటికే జిల్లా దాటి ఉంటాడు. ఎవరికి వారు తమ ఒక్కరికే పడలేదనుకుంటారు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడం కూడా తేలిక కాదు. ఎక్కువసేపు బయట ఉంచిన అన్నంలో పుట్టే విషం 1 నుంచి 6 గంటల్లో వాంతి చేయిస్తుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. సరిగా ఉడకని కోడిమాంసం, పచ్చిగుడ్ల ద్వారా వచ్చే సాల్మొనెల్లా క్రిములు మాత్రం ఒక్కొక్కప్పుడు రెండు మూడు రోజులు ఆగి దెబ్బతీస్తాయి. శనివారం రాత్రి హోటలులో తిన్నవాడు సోమవారం మంచం పడితే ఆదివారం ఇంట్లో తిన్న పప్పును తిడతాడు. తప్పు హోటలుది, నింద ఇల్లాలిది.

చాలావరకు ప్రాణం పోయాకనే ఇలాంటివి బయటపడుతున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లో మోమోలు తిన్నవారు పదుల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు, ఒక మహిళ మరణించింది. అమ్మినవారికి లైసెన్సు లేదన్న సంగతి ఆ తరువాతనే తేలింది. పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించినదీ అప్పుడే. మరుసటి నెలలో మన పక్కనే నిర్మల్‌లో హోటలు భోజనం చేసినవారు పలువురు అస్వస్థులు కాగా ఒక యువతి కన్నుమూసింది.

చట్టం లేక కాదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 35వ సెక్షను ఉన్నది. తిండి వికటించిన కేసులన్నిటినీ రిజిస్టర్డు వైద్యులు అధికారికి తెలపాలని ఆహార ప్రాధికార సంస్థ ఏ ప్రాంతానికైనా ఉత్తర్వు ఇవ్వవచ్చునని అది చెబుతున్నది. ఇవ్వవచ్చునన్నదే గాని ఇచ్చి తీరాలని లేదు. పైగా పల్లెలో రోగిని మొదట చూసే ఆర్‌.ఎం.పి. రిజిస్టర్డు వైద్యుడు కాడు. ముందుగా తెలిసేవాడినే చట్టం అడగడం లేదన్నమాట.

వైద్యులు తెలిపితే ఎంత మేలో 1993లో అమెరికాలో రుజువయింది. ఒకే కంపెనీ హోటళ్లలో సరిగా ఉడకని మాంసం తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ జబ్బును తప్పక తెలపాలన్న నియమం ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో కారణం పట్టుబడింది. నెవాడా రాష్ట్రంలోనూ జనం జబ్బుపడినా, వాషింగ్టన్ చెప్పేదాకా అక్కడ ఎవరూ పసిగట్టలేదు.

జిల్లా యంత్రాంగం ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. వాంతులు, విరేచనాలతో వచ్చిన ప్రతి రోగినీ "మూడు రోజులుగా ఎక్కడెక్కడ తిన్నావు?" అని అడిగి రాయవలసిందిగా సర్కారు, సింగరేణి, ప్రైవేటు దవాఖానలను, ఆర్‌.ఎం.పి.లను కోరవచ్చు. ఇద్దరు ఒకే హోటలు పేరు చెబితే అదేరోజు ఆహార భద్రతాధికారి అక్కడికి చేరాలి. గిన్నెలు కడిగాక పోతే సాక్ష్యం దొరకదు.

పుకార్లతో హోటలు పరువు పోతుందన్న యజమానుల భయం న్యాయమైనదే. అయితే పుకారు పుట్టేది అసలు లెక్క లేనిచోటనే. శుభ్రంగా వండే హోటలును కాపాడేది కూడా ఆ లెక్కే.

ప్రజలు కూడా ఊరుకోరాదు. హోటలు బిల్లు, మిగిలిన పార్సిలు దాచాలి. ఎక్కడ తిన్నదీ డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోవాలి. సోమవారం ప్రజావాణిలో గాని, 1800112100 ఉచిత ఫోను నంబరుకు గాని ఫిర్యాదు చేయవచ్చు. ఇదే చట్టం 65వ సెక్షను ప్రకారం మరణానికి 5 లక్షల రూపాయలకు తగ్గకుండా, తీవ్రమైన హానికి 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు పరిహారం ఉన్నది. కాగితం లేనిదే పైసా రాదు.

బాయిలో ప్రమాదం జరిగితే రిజిస్టరులో ఎక్కుతుంది, విచారణ జరుగుతుంది. బాయి బయట తిన్న తిండికి కార్మికుడి ప్రాణం మీదికి వస్తే కనీసం ఒక వరుసయినా రాసే పుస్తకం ఈ జిల్లాలో ఉండాలి. అధికారులు వెంటనే ఆ ఏర్పాటు చేయవలసి ఉన్నది.